చదువుకు తోడు

దూరవిద్యలో చేరిన విద్యార్థి నడుమ చదువు మానేస్తే మన విద్యాధికులు వెంటనే తీర్పు చెబుతారు: వాడికి పట్టుదల లేదు. పట్టుదల పుట్టుకతో వచ్చే గుణమే అయితే ఇక విశ్వవిద్యాలయానికిగాని, ప్రభుత్వానికిగాని బాధ్యత ఏముంది? కాని ఆ పట్టుదల ఎక్కడనుంచి వస్తుంది? ఈ ప్రశ్నకు విజయనగరం చరిత్రలోను, సాహిత్యంలోను కూడా జవాబు ఉందని నా అభిప్రాయం.

గిడుగు రామమూర్తిగారు విజయనగరంలో చదివి 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. 1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా చేరి, ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. పూర్తిచేశారు. మెట్రిక్యులేషనుకూ పట్టానికీ నడుమ 17 ఏళ్లు! దీన్ని ఒక మహాపురుషుడి ఒంటరి దీక్షగా పొగడడం మనకు అలవాటు. ఆ పొగడ్తలో సగమే నిజం. కాలేజీకి దూరంగా ఉన్నా ఆయన మనుషులకు దూరంగా లేరు. చరిత్ర చదువుకున్న మనిషికి ఆ చరిత్ర వినే పిల్లలు బడిలోనే ఉన్నారు. సవరభాష వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. ఆ కృషి ఫలితంగా 1931లో సవర వ్యాకరణం వెలువడింది. విజయనగరంలో సహాధ్యాయి అయిన గురజాడ అప్పారావుగారు వాడుకభాషా ఉద్యమంలో ఆయనకు తోడుగా నిలిచారు. ఆయన చదువుకు జనంలో పని ఉంది. అందుకే అది నిలిచింది.

ఆ గురజాడే ‘కన్యాశుల్కం’లో దీనికి విపర్యాసాన్ని చూపించారు. పరీక్ష తప్పిన వెంకటేశానికి చదువు చెప్పే నెపంతో గిరీశం విజయనగరం నుంచి కృష్ణరాయపురం అగ్రహారం చేరతాడు. గురుశిష్యులు ఒకే కప్పు కింద ఉన్నారు. అయినా అక్కడ చదువు లేదు. గురువుకు కావలసింది అప్పులవాళ్ల నుంచి తప్పించుకునే చోటు, శిష్యుడికి కావలసింది తండ్రి కోపం నుంచి రక్షణ. ఇద్దరినీ కలిపింది అవసరమేగాని విద్య కాదు. కనుక ఎదురెదురుగా కూర్చున్నంత మాత్రాన సాంగత్యం ఏర్పడదు. ఉమ్మడిగా చేసే పని ఉండాలి.

ఈ రెండు ఉదాహరణలతో నేటి దూరవిద్యను కొలిచి చూద్దాం. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో కరస్పాండెన్సు కోర్సులు ప్రారంభించింది. 1982లో హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. పగలు కూలికో కొలువుకో పోయేవాడికి, పెళ్లితో చదువు ఆగిన స్త్రీకి ఇవి తెరిచిన తలుపులు. వాటిని మూయమని నేను అనను. తలుపు తీసి, లోపల మనిషి లేకుండా చేయడమే నా అభ్యంతరం. పాఠాల కట్ట ఇంటికి వస్తుంది. రాసి పంపిన జవాబు మీద మార్కు తప్ప మాట ఉండకపోతే ఆ విద్యార్థి ఎవరితో చదువుతున్నట్టు? 2020లో కరోనావల్ల కాలేజీలు మూతపడి పాఠాలు ఫోనులోకి వచ్చినప్పుడు ఈ ఒంటరితనం అందరికీ అనుభవమైంది. సిగ్నలు లేని కొండ గ్రామాల పిల్లలకు ఆ పాఠం కూడా అందలేదు. ఫోను కొనలేని పేదరికాన్ని పట్టుదల లోపంగా లెక్కకట్టడం వర్గదృష్టి కాక మరేమిటి?

పరిశోధకులూ ఈ మాటే చెప్పారు. 1975లో విన్సెంట్ టింటో, విద్యార్థి కాలేజీ సమాజంలో ఎంతవరకు కలిశాడన్న దానితో చదువు మానడాన్ని ముడిపెట్టాడు. డెసీ, రయన్ అనే మనస్తత్వవేత్తలు మనిషి ఉత్సాహానికి స్వేచ్ఛ, సామర్థ్యాలతోపాటు తోటివారితో సంబంధం కూడా ఆధారమన్నారు.

అయితే సంబంధం అధికారుల సర్క్యులరుతో పుట్టదు. జవాబుపత్రం మీద అధ్యాపకుడు నాలుగు వాక్యాలు రాయాలి. అందుకు సరిపడా అధ్యాపకులను నియమించాలి. ఒకే ఊళ్లోని దూరవిద్యార్థులకు ఒకరి పేరు ఒకరికి తెలియాలి. ఆదివారం గ్రంథాలయంలోనో బడి గదిలోనో కలిసి చదువుకునే బృందాలు కావాలి. ఇందులో మొదటిది ప్రభుత్వాన్ని అడిగి సాధించుకోవాలి. తక్కినవాటికి మన విద్యార్థి సంఘాలు, ఉపాధ్యాయ సంఘాలు ఎవరి అనుమతీ కోరనక్కర లేదు. చదువు మానేసినవాణ్ణి తప్పుపట్టేముందు, వాడి పక్కన ఎవరు కూర్చున్నారని అడగడం మన విమర్శకు మొదటి ధర్మం.