ఫ్రెంచి సివిల్ కోడ్: దిద్దుబాటులో పనితనం

దక్షిణ ఫ్రాన్సులో క్రపోన్ కాలువ నీటికి 16వ శతాబ్దంలోనే రేటు రాసుకున్నారు. తడిసే నేలను బట్టి మూడు చిన్న నాణేలు. మూడు వందల ఏళ్లలో కాలువ బాగోగుల ఖర్చు ఎక్కడికో పోయింది, రేటు మాత్రం అక్కడే ఉంది. కింది కోర్టు దాన్ని పెంచితే, 1876లో ఫ్రాన్సు అత్యున్నత న్యాయస్థానం ఆ తీర్పు కొట్టేసింది. ఒప్పందం రాసుకున్నవాళ్లకు అదే చట్టమని 1804 నాటి సివిల్ కోడ్ అంటుంది. కాలం మారిందని జడ్జి దాన్ని దిద్దకూడదని న్యాయస్థానం తేల్చింది.

ఆ పట్టు సడలడానికి 140 ఏళ్లు పట్టింది. 2016లో చేర్చిన 1195వ అధికరణాన్ని నెమ్మదిగా చదవాలి. ఊహకందని మార్పు వచ్చి ఒప్పందం ఒకరికి మోయలేని బరువైతే, వాళ్లు ముందు అవతలివాళ్లను మళ్లీ మాట్లాడుకుందామని అడగాలి. మాటలు సాగుతున్నంతసేపూ పని ఆపకూడదు. కుదరకపోతే ఇద్దరూ ఒప్పుకుని తెంచుకోవచ్చు, లేదా కలిసి జడ్జి దగ్గరికి వెళ్లవచ్చు. తగినంత గడువులో అదీ తేలకపోతేనే, ఒక్కరు అడిగినా జడ్జి ఒప్పందాన్ని సవరించగలడు, రద్దు చేయగలడు. ఆ రిస్కు నాదేనని ముందే ఒప్పుకున్నవాళ్లకు ఈ దారి లేదు. జడ్జికి అధికారం ఇస్తూనే అతన్ని చివరి మెట్టు మీద నిలబెట్టడం నాకు ఎంతో నచ్చింది. ఒప్పందానికున్న గౌరవం ఎక్కడా తగ్గలేదు.

కుటుంబ చట్టంలో ఇలాంటి నేర్పు న్యాయ పండితుడు జాఁ కార్బోనియేది. భార్య భర్తకు విధేయురాలై ఉండాలన్న మాటను 1938లోనే తీసేశారు, కానీ ఆస్తి విషయంలో పెత్తనం చాలావరకు భర్తదిగానే ఉండేది. దంపతుల ఆస్తి నియమాలు తిరగరాసే ముందు, జనం ఏమనుకుంటున్నారో తెలుసుకోవడానికి కార్బోనియే సర్వే చేయించారు. 1965 చట్టంతో భార్య భర్త అనుమతి లేకుండా ఉద్యోగం చేయవచ్చు, తన పేర బ్యాంకు ఖాతా తెరవవచ్చు. చట్టం రాసేవాడు ముందు ఇళ్లలోకి తొంగిచూడాలన్న ఆ పట్టుదలే, నా దృష్టిలో, ఆయన పనిలో అన్నిటికన్నా గొప్పది.

ఎక్కడ చెయ్యి పెట్టకూడదో తెలియడం కూడా పనితనమే. తన తప్పు వల్ల ఇంకొకరికి నష్టం చేసినవాడు దాన్ని పూడ్చాలన్న 1382వ అధికరణం ఒక్కటే వాక్యం. 2016లో దాని సంఖ్య 1240 అయింది. తరతరాల న్యాయవాదులకు కంఠస్థమైన ఆ సంఖ్యను కదిలించకుండా ఉంటే బాగుండేది. వాక్యాన్ని మాత్రం ఒక్క మాట మార్చకుండా ఉంచారు.