అపూ గొంతు ఎవరిది, అపూ కులం ఏది?

అమెరికా టెలివిజన్‌లో 1989 డిసెంబర్ నుంచి నడుస్తున్న హాస్య ధారావాహిక 'ది సింప్సన్స్'. బొమ్మల సీరియలే గానీ పిల్లల కోసం తీసింది కాదు. ఒక చిన్న పట్టణంలో మామూలు కుటుంబం చుట్టూ అల్లిన ఎగతాళి. అందులో అపూ అనే భారతీయుడు కొట్టు నడుపుతుంటాడు. నోరు తెరిస్తే చాలు, చూసేవాళ్ళు నవ్వాలి. ఆ గొంతు మాత్రం హ్యాంక్ అజారియా అనే తెల్ల నటుడిది. ఈ వ్యవహారాన్ని నిలదీస్తూ 2017లో హరి కొండబోలు 'ది ప్రాబ్లమ్ విత్ అపూ' అనే డాక్యుమెంటరీతో ముందుకొచ్చాడు. న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో పెరిగిన ఈ హాస్యనటుడిది తెలుగు కుటుంబం. తల్లిదండ్రులు ఆంధ్ర నుంచి వలస వెళ్ళినవాళ్ళు. ఆ డాక్యుమెంటరీ లేపిన చర్చను బందరు, గుడివాడ, దివిసీమ వైపు నుంచి చదివితే ఏం కనపడుతుంది? మేము వేసుకున్న ప్రశ్న ఇది.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. కొండబోలు వాదన న్యాయమైనది. బడిలో అపూ యాసతో ఏడిపించబడ్డ పిల్లల బాధ ఉత్తుత్తి బాధ కాదు. ఒకడి మాట తీరును ఇంకొకడు తన నోట్లో పెట్టుకుని నవ్వు అమ్ముకోవడం అధికారం ఉన్నవాడు చేసే పని. ఆ సంగతి మనకు కొత్త కాదు. తెలుగు సినిమా ఎన్నేళ్ళుగా శ్రీకాకుళం యాసను పనివాడికీ, తెలంగాణ యాసను రౌడీకీ, కమెడియన్‌కీ పంచిపెట్టిందో మనం చూస్తూనే వచ్చాం. హీరో నోట మాత్రం కృష్ణా, గుంటూరు పెద్దిళ్ళ భాష! అదే కృష్ణా జిల్లాలో పల్లెకారు పేటలోనూ, యానాది గుడిసెలోనూ, మాలమాదిగ పల్లెల్లోనూ పలికే తెలుగు ఆ 'ప్రామాణికం' కిందికి రాదు.

ఆ సీరియల్ వాళ్ళు 2018 ఏప్రిల్‌లో ఒక ఎపిసోడ్‌లో జవాబిచ్చారు. అపూ ఫోటో పక్కన పెట్టుకుని, ఒకప్పుడు మెచ్చుకున్నదే ఇప్పుడు తప్పయింది, ఏం చేస్తాం అన్న ధోరణిలో తేల్చేశారు. విమర్శ మరింత పెరిగింది. 2020 జనవరిలో అజారియా ఆ పాత్రకు గొంతు ఇవ్వడం మానుకున్నాడు. 2021లో క్షమాపణ చెప్పాడు. విమర్శ గెలిచిందనే చెప్పాలి. అయితే గెలిచిన విమర్శ దేన్ని వదిలేసింది? మా అభ్యంతరం మొదలయ్యేది ఇక్కడే.

1996 మేలో వచ్చిన ఎపిసోడ్ ఒకటి చూడండి. అనుమతి లేని వలసదారుల్ని వెళ్ళగొట్టాలని ఊళ్ళో ఓటింగ్ పెడతారు. కాలిఫోర్నియాలో 1994లో వచ్చిన 187వ ప్రతిపాదన మీద వ్యంగ్యం అది. వీసా గడువు దాటిపోయిన అపూ భయపడి దొంగ కాగితాలు కొంటాడు, అమెరికన్ వేషం కడతాడు, తర్వాత వినాయకుడి బొమ్మ ముందు సిగ్గుపడతాడు. స్నేహితుడు హోమర్ మనసు మార్చుకుని పౌరసత్వ పరీక్షకు చదివిస్తాడు. పరీక్షలో అంతర్యుద్ధానికి కారణం అడిగితే అపూ లోతుగా చెప్పబోతాడు. బానిసత్వం అని ఒక్క ముక్క చెప్పి ఊరుకోమంటాడు అధికారి. అపూ గట్టెక్కుతాడు, ప్రతిపాదన మాత్రం నెగ్గుతుంది. స్నేహం ఒక మనిషిని కాపాడింది గానీ చట్టాన్ని ఆపలేకపోయింది. సీరియల్ మొత్తంలో ఇంత నిజాయితీగా ఉన్న కథలు తక్కువ.

కానీ ఆ అధికారి కోరిన ఒక్క ముక్క జవాబే అమెరికా మననుంచీ కోరుతుంది. 'నువ్వెవరు?' అంటే 'ఇండియన్' అనాలి, ఊరుకోవాలి. ఆ 'ఇండియన్' ఎవరు? అపూ మాంసం ముట్టడు. వినాయకుణ్ణి కొలుస్తాడు. చిన్నప్పుడే పెద్దలు కుదిర్చిన సంబంధం చేసుకుంటాడు. చర్చ అంతా గొంతు చుట్టూ, యాస చుట్టూ, రంగు చుట్టూ సాగింది. భారతీయుడంటే ఇదేనా అన్న ప్రశ్న వెనకబడిపోయింది. ఎండు రొయ్యల పులుసు వండుకునేవాళ్ళు, ఆదివారం చర్చికి పోయేవాళ్ళు, పెద్దకూర తినేవాళ్ళు భారతీయులు కారా? తెల్ల నటుడి గొంతు తీసేసి మన గొంతు పెట్టినంత మాత్రాన అపూ ఇంట్లోకి వీళ్ళు వచ్చేస్తారా?

అదే 2017లో అదే న్యూయార్క్ నుంచి ఇంకొక తెలుగు మనిషి గొంతు వినబడింది. సుజాత గిడ్ల, సబ్‌వే రైలు కండక్టర్. ఆమె పుస్తకం 'యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్'. అందులో ఆమె తల్లి కథ ఉంది, శివసాగర్‌గా మనకు తెలిసిన మేనమామ కె.జి. సత్యమూర్తి కథ ఉంది, మన గుడివాడ ఉంది. వలస వెళ్ళిన తెలుగువాళ్ళు ఒక్కరు కాదు, ఇద్దరు అని ఆ పుస్తకం చెబుతుంది. ఒకరు తెల్లవాడి ఎగతాళికి మాత్రమే గాయపడ్డారు. ఇంకొకరు ఆ గాయానికి ముందే సొంత ఊళ్ళో గాయపడి వెళ్ళారు. ఒక హాస్యనటుడు అన్నీ చెప్పాలా అని అడుగుతారు. అక్కర్లేదు. మా ఫిర్యాదు ఆయన మీద కాదు. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చదవని విమర్శ మీద.

ఎవరు వెళ్ళగలిగారో కూడా చూడాలి. బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట 1855లో పూర్తయింది. కాలవ నీళ్ళు మెట్టను మాగాణి చేశాయి. మాగాణి ఉన్నవాడికి పంట మిగిలింది, మిగులుతో పిల్లలకు చదువు వచ్చింది. 1965లో అమెరికా తన వలస చట్టం మార్చి చదువుకున్నవాళ్ళకు తలుపు తీసినప్పుడు, ఆ తలుపు దాకా నడిచిపోగల స్థితి ఎక్కువగా భూమి ఉన్న ఇళ్ళకే ఉంది. ఆ మాగాణిలో నాట్లేసి కోతకోసిన కూలీ బిడ్డకు తాకట్టు పెట్టడానికి సెంటు భూమి లేదు. వీసా అంటే అమెరికా కాన్సులేట్‌లో వేసే ముద్ర ఒక్కటే అనుకోకూడదు. సగం ముద్ర కాలవ గట్టు మీదే పడిపోయింది.

ఈ తేడా చెప్పకపోతే ఏమవుతుందో తర్వాతి ఏళ్ళు చూపించాయి. 2020లో సిస్కో కంపెనీలో ఒక దళిత ఇంజనీరు పట్ల కులవివక్ష జరిగిందని కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ దావా వేసింది. ఇద్దరు మేనేజర్ల మీద ఆరోపణలు 2023లో వెనక్కి తీసుకున్నా, కంపెనీ మీద దావా అలాగే ఉంచింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఎస్‌బి 403 బిల్లు ఆమోదిస్తే, ఉన్న చట్టాలు చాలంటూ గవర్నర్ న్యూసమ్ అక్టోబర్‌లో వీటో చేశాడు. హిందూ అమెరికన్ ఫౌండేషన్ లాంటి సంస్థలు బిల్లును ఎదిరించిన తీరు గమనించండి. కులం పేరెత్తితే భారతీయులందర్నీ దోషులుగా చూస్తారు, మమ్మల్ని వేరుచేసి అవమానిస్తారు అన్నారు. అపూని నిలదీసిన గాయం భాషే ఇది. ఎగతాళికి అడ్డం పెట్టినప్పుడు న్యాయంగా ఉన్న భాష, కులానికి కంచె కట్టినప్పుడు అన్యాయమైపోయింది.

కాబట్టి కొండబోలు చేతికిచ్చిన కొలబద్దను పారేయొద్దు, ఇంటికి తెచ్చుకుందాం. తరగతి గదిలో గానీ, సంఘం మీటింగులో గానీ ఒక కామెడీ చూస్తే రెండు ప్రశ్నలు అడుగుదాం. ఈ గొంతు ఎవరిది? ఈ ఇంట్లో ఎవరు లేరు? మొదటి ప్రశ్నకు న్యూయార్క్‌లో జవాబు దొరికింది. రెండోదానికి జవాబు వెతకాల్సింది మన పేటల్లో, మన కాలవ గట్ల మీద. టీవీలో మన పిల్లలు నవ్వే నవ్వు ఎవరి యాస మీదో వాళ్ళ చేతే చెప్పిద్దాం. తెల్లవాడు మనల్ని వెక్కిరిస్తే తప్పని తెలిసినవాళ్ళకు, దివిసీమ పల్లెకారు మాటను వెక్కిరించడమూ తప్పేనని తెలియాలి కదా!