కుందేటికొమ్ములు: పుస్తకములకు చిక్కని మొక్క

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతముల వంటి రాతిగుట్టలపై, ముళ్లపొదల నీడలో, ఆకులులేని నాలుగు పలకల పచ్చని కాడలు కొన్ని కనబడును. పిల్లలు తెచ్చి చూపినపుడు జెముడని చెప్పి ఊరకుండుట సులభము. కాని జెముడును త్రుంచిన పాలు కారును. దీనినుండి నీటివంటి రసమే వచ్చును. జిల్లేడుకు బంధువై యుండియు పాలు లేకుండుట దీని విశేషము.

దీనిని శాస్త్రలోకమునకు పరిచయము చేసినది విలియం రాక్స్‌బర్గ్ రచించిన ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అను గ్రంథము. 1795లో అతడు దీనికి స్టపీలియా అడ్సెండెన్స్ అని పేరిడి, తెలుగువారు ‘కారల్లం’ అందురని వ్రాసెను. 1810లో రాబర్ట్ బ్రౌన్ ఆ మాటతోనే కారలూమా అను ప్రజాతిని ఏర్పరచెను. తరువాత కొందరు ఈ పేరు ‘మాంసమందలి పుండు’ అను అరబ్బీ మాటనుండి పుట్టినదనిరి. పూలకంపునకు ఈ అర్థము చక్కగా అతుకుటచే ఆ కథ చాలకాలము నిలిచినది. అతుకుట వేరు, నిజమగుట వేరు. రాక్స్‌బర్గ్ పుట తెరచి చూచినచో చాలును.

పేరు విషయమున అంత శ్రద్ధ చూపిన పుస్తకములు గుర్తించుటలో మాత్రము చేయూత నీయవు. 1915లో ఆరంభమైన గాంబుల్ మద్రాసు వృక్షసంపద గొప్ప గ్రంథమే. అయితే ఇట్టి గ్రంథములకు ఆధారము ఎండబెట్టిన నమూనాలు. జిల్లేడు కొమ్మ కాగితముపై జిల్లేడుగానే యుండును. ఈ కాడ ముడుతలుపడి త్రాడువలె మిగులును. పలకలు పోవును, పూవు రంగు మారును, కంపు అసలే యుండదు. ఈగలను పిలుచునది ఆ కుళ్లిన మాంసపు కంపే. పుప్పొడి పొడిగా రాలక, మైనపు ముద్దలై ఈగను అంటుకొని మరొక పూవునకు చేరును. ఇంత ముఖ్యమైన గుర్తును వదలి, పూవునందలి సూక్ష్మమైన కిరీటభాగమును వెదకుమనుట విద్యార్థిని అడవిలో వదలుటయే.

తాజాపూవు దొరికినచో పని తేలిక. కాడ కొనయందు ముదురు ఊదాపూలు బంతివలె గుమిగూడినచో అది అంబెల్లేటా. కొన్ని పుస్తకములు దీనిని బూసెరోషియా అనును. సన్నబడుచుపోవు కొనలపై పూలు విడివిడిగా నున్నచో అడ్సెండెన్స్. కుండీలలో పెంచు పెద్ద నక్షత్రపుపూల స్టపీలియా దక్షిణాఫ్రికాది, వేరు. మొక్కను పెరుకనక్కరలేదు, ఒక పూవును నిలువున కోసి బొమ్మ గీసికొన్న చాలును.

కాయలు జంటకొమ్ములవలె నిలుచును. రాయలసీమవారు దీనిని కుందేటికొమ్ములందురు. తర్కపాఠములో లేనిదానికి ఉదాహరణము కుందేటికొమ్ము. గుట్టపైని పశువులకాపరి మాత్రము దానిని త్రుంచి పచ్చిగా నమలును.