9.8 వచ్చి తీరాల్సిందేనా?

మా పేటలోని హైస్కూల్లో ఈ వారం కెరీర్ గైడెన్స్ సదస్సు పెట్టారు. అంశం అణువిద్యుత్తు. 2047 నాటికి లక్ష మెగావాట్లు కావాలని 2025 బడ్జెట్లో కేంద్రం ప్రకటించింది, అప్పటికి మన చేతిలో ఉన్నది ఎనిమిది వేల పైచిలుకే, కాబట్టి ఉద్యోగాలకు కొదవ లేదన్నాడు వచ్చిన పెద్దమనిషి. అక్కడిదాకా బాగానే ఉంది. ఆ తర్వాతంతా ఐఐటీలు, ప్యాకేజీలు. వెనక బెంచీలోంచి ఓ కుర్రాడు లేచి "ఐటీఐ చేస్తే తీసుకోరా సార్?" అని అడిగితే, "కాస్త పెద్దగా ఆలోచించు బాబూ" అని కూర్చోబెట్టేశాడు. నాకు ఒళ్ళు మండింది.

తీసుకుంటారు నాయనా. న్యూక్లియర్ పవర్ కార్పొరేషన్ నోటిఫికేషన్లలో స్టైపెండరీ ట్రైనీ, కేటగిరీ-2 అని ఉండేది నీకోసమే. పది పాసై ఐటీఐ చేసిన ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు మెయింటెయినర్లుగా వెళ్తారు, ఇంటర్ ఎంపీసీ వాళ్ళు ఆపరేటర్లుగా వెళ్తారు. డిప్లొమా వాళ్ళకి కేటగిరీ-1 ఉంది. స్టైపెండు ఇచ్చి మరీ నేర్పిస్తారు. ఈ పరిశ్రమ మనకి పరాయిదీ కాదు. హైదరాబాద్‌లో అణు ఇంధనం తయారుచేసే ఎన్‌ఎఫ్‌సీ, ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్, మణుగూరులో భారజల కర్మాగారం, కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం గని ఉన్నాయి. ఈసీఐఎల్‌ని నిలబెట్టిన ఏ.ఎస్. రావుగారిది పశ్చిమగోదావరి మొగల్లు. హైదరాబాద్‌లో ఆయన పేరున్న ఏఎస్‌రావు నగర్‌లో ఫ్లాటు కొన్నవాళ్ళలో ఎందరికి తెలుసో!

ఇక నా పాత పాట మొదలవుతుందని ఈ కాలమ్ చదివేవాళ్ళు ఈపాటికి పసిగట్టే ఉంటారు. బడిలో క్రాఫ్ట్ పీరియడ్ మళ్ళీ రావాలి, పిల్లల చేతికి ఆకురాయి, స్పానరు ఇవ్వాలి. రాద్దామని కూర్చుని లెక్క కూడా వేశాను. 220 మెగావాట్ల రియాక్టర్‌లో 306 చానళ్ళు, చానల్‌కి 12 ఇంధన కట్టలు, కట్టకి 19 జిర్కలాయ్ గొట్టాలు. అంటే దరిదాపు 70 వేల గొట్టాలు. ఒక్కోదానికి రెండు కొసలా మూత వెల్డింగు చేయాలి. చూశారా చేతిపని విలువ, అని ముగించబోతుంటే ఒక సంగతి అడ్డొచ్చింది. ఆ వెల్డింగు యంత్రం చేసేస్తుంది. అది సరిగా కుదిరిందా లేదా అని కొలిచి, చూసి, కాగితం మీద సంతకం పెట్టేది మాత్రం మనిషే.

అప్పుడు గుర్తొచ్చారు మా ఇంటర్ ఫిజిక్స్ మాస్టారు. లోలకం ప్రయోగం మీకు తెలియందేముంది? గురుత్వ త్వరణం g విలువ 9.8 రావాలని అందరికీ ముందే తెలుసు. అక్కణ్ణుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ వచ్చి రీడింగులు నింపడం లోకాచారం. అంత ఓపిక లేనివాడికి సీనియర్ రికార్డు ఉండనే ఉంది. మాస్టారు ఓ చెక్క స్కేలు మొదట్లో ఒక సెంటీమీటరు కోసేసి, ఏమీ చెప్పకుండా ఇచ్చేవారు. దాంతో అరమీటరు దారం కొలిస్తే 51 అని చూపిస్తుంది, g 10 దాకా పోతుంది. 10 రాసినవాడికి మార్కులు వేసేవారు. స్కేలు తెగి ఉందని గమనించి, సెంటీమీటరు తీసేసి, ఆ మాట కూడా రాసినవాడికి నిండు మార్కులు. ఏ మాటా రాయకుండా చక్కగా 9.8 తెచ్చినవాడికి సున్నా. అలాంటి మాస్టారు మళ్ళీ తగల్లేదు. ఇప్పుడు చాలా కాలేజీల్లో ల్యాబ్ తాళమే తీయరు, రికార్డులు మాత్రం నిండుతాయి.

ఈ అలవాటు కొలువులోకి వస్తే ఏమవుతుందో 1999లో ఇంగ్లండ్‌లోని సెల్లాఫీల్డ్ అణు ఇంధన కర్మాగారంలో తేలింది. జపాన్‌కి పంపే మోక్స్ అనే అణు ఇంధనం బిళ్ళల వ్యాసం యంత్రం కొలిచాక, కొన్నిటిని తీసి మనుషులు మళ్ళీ కొలవాలి. ఆ పని చేయాల్సినవాళ్ళు పాత షీట్లలోని అంకెలు దించేశారు. బిళ్ళలు బాగానే ఉన్నాయని కంపెనీ ఎంత మొత్తుకున్నా జపాన్ వినలేదు. అప్పటికే అక్కడి తకహామా అణువిద్యుత్ కేంద్రానికి చేరిన ఇంధనాన్ని వాడకుండా 2002లో ఓడెక్కించి తిప్పి పంపింది. కంపెనీ పెద్ద 2000లోనే కుర్చీ దిగాల్సొచ్చింది. అక్కడ చేతిపని రాక కాదు కదా ఈ గొడవ!

అందుకే ఈ వారం నా క్రాఫ్ట్ పీరియడ్‌ని నేనే పక్కన పెడుతున్నాను. ఆకురాయి పట్టడం ఐటీఐలో నేర్పుతారు, అక్కడ తగ్గితే ట్రైనింగ్‌లో నేర్పుతారు. చూసింది చూసినట్టు రాయడం మాత్రం కొలువులో చేరాక నేర్పడం చాలా కష్టం. అణువిద్యుత్ కేంద్రానికి మన బడులు, కాలేజీలు చేయగల సాయం ఇదే, దీనికి కొత్త సిలబస్సూ అక్కర్లేదు.

లెక్చరర్లకి ఒక మనవి. ఈసారి ప్రాక్టికల్స్‌లో ఏ పిల్లాడైనా 9.4 తెస్తే కొట్టేయకండి. తేడా ఎందుకొచ్చిందో వాడి చేతే రాయించి, మార్కులు దానికి వేయండి.