ఈసీజీ కాగితం వెలిసిపోకముందే

డాక్టరు గదిలో మనకు దొరికేది నాలుగైదు నిమిషాలు. "ఎలా ఉందమ్మా?" అని అడిగితే "ఒకటే నీరసమండీ" అనేసి బయటికొస్తాం. ఎప్పటినుంచి, ఏ పూట, ఏ మాత్ర వేసుకున్నాక అన్నవి ఆటో ఎక్కాక గుర్తొస్తాయి. అందుకే అమ్మ పేరు మీద ఒక నోటుపుస్తకం పెట్టాను.

తేదీ, టైము, బీపీ, వేసుకున్న మాత్ర, ఒంట్లో ఎలా ఉందో ఒక్క ముక్క. అంతే రాస్తాను. బీపీ చూసేముందు అయిదు నిమిషాలు కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోమంటాను. పొద్దున మాత్రకు ముందు ఒకసారి, రాత్రి ఒకసారి చూస్తాను.

"కళ్లు బైర్లు కమ్ముతున్నాయే" అని అమ్మ చాన్నాళ్లుగా అంటోంది. వయసు కదా అనేవాళ్లు చుట్టాలు. పుస్తకం తిరగేస్తే ఆ మాట పక్కన టైము ఎప్పుడూ పదీ పదకొండు మధ్యే, మాత్ర పడిన రెండు గంటలకి. ఆ పేజీలు చూశాక డాక్టరు అమ్మని పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూశారు. లేచి నిలబడగానే బీపీ పడిపోతోంది. డోసు తగ్గించారు. బైర్లు కమ్మడం ఆగింది.

పాత కాగితాల విలువ కిడ్నీ జబ్బులతో అల్లాడే ఉద్దానం ప్రాంతం వాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? కిడ్నీ జబ్బు మొదట్లో నొప్పి పెట్టదు. క్రియాటినిన్ ఒక్కసారి పెరిగిందని దీర్ఘకాలిక జబ్బు అనేయరు, తేడా మూడు నెలలకు పైగా కనబడాలి. పోయినేడాది రిపోర్టు పారేస్తే పోల్చుకోవడానికి ఏముంటుంది?

ఈసీజీ సంగతి మరీ ముఖ్యం. అది వేడికి అచ్చయ్యే కాగితం. ఎండకీ, ప్లాస్టిక్ కవర్లోనూ గీతలు వెలిసిపోతాయి. గుండెల్లో నొప్పని పరిగెత్తినరోజు డాక్టరు పాతది పక్కన పెట్టి చూడాలనుకుంటే తెల్లకాగితం చేతికొస్తుంది. తీసినరోజే జెరాక్స్ తీయించండి.

ఆసుపత్రిలో చేరి వచ్చినవాళ్లు డిశ్చార్జి సమ్మరీతో సరిపెట్టుకోవద్దు. కేసు షీటు అడగడానికి మొహమాటమెందుకు, అందులో ఉన్నది మన ఒళ్లే కదా! 2002 నాటి వైద్య మండలి నిబంధనల ప్రకారం ఆసుపత్రిలో చేరిన రోగుల రికార్డులు మూడేళ్లు ఉంచాలి, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. నోటిమాటగా కాకుండా అర్జీ రాసివ్వండి, రెండో కాపీ మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆయన మొదట అడిగేది ఆ కాగితాలే.