బొరియ పేరుతో సొరుగు

బాల్ పైథాన్లు పెంచేవాళ్లలో ఒక వాదన బలంగా పాతుకుపోయింది. ఇది బొరియల్లో ఉండే కొండచిలువ కాబట్టి చిన్న పెట్టె చాలు, చోటు పెద్దదైతే బెదిరి తిండి మానేస్తుంది అంటారు. ఇందులో సగమే నిజం. పశ్చిమ, మధ్య ఆఫ్రికాల్లో ఈ పాము పగలు ఎలుకల బొరియల్లో, చెదపుట్టల్లో తలదాచుకుంటుంది. చీకటి పడ్డాక బయటికొచ్చి తిరుగుతుంది. నైజీరియా అడవుల్లో జరిపి 1998లో ప్రచురించిన అధ్యయనంలో, మగ పాములు చెట్లెక్కుతున్నట్టు, పక్షుల్ని ఎక్కువగా తింటున్నట్టు తేలింది. అంటే బొరియ దానికి పగటి మరుగు మాత్రమే. మూడు నుంచి ఐదడుగుల దాకా పెరిగి, ముప్ఫై ఏళ్లయినా బతకగల ప్రాణిని ఒళ్లు సాచే వీలైనా లేని ప్లాస్టిక్ సొరుగులో ఉంచి, అదే బొరియ అనుకోమంటే నేను ఒప్పుకోను.

తిండి మానేస్తుందన్న భయం ఉత్తదేమీ కాదు. కానీ పామును బెదరగొట్టేది పెట్టె పొడవు కాదు, దాక్కోను చోటు లేకపోవడం. నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తున్న పెట్టెలో కొమ్మలు, బెరడు, ఎండుటాకులు దట్టంగా నింపితే అది మరుగు విడవకుండానే తిరుగుతుంది. ఒంటికి ఒరుసుకునేంత ఇరుకు గూళ్లు రెండు కావాలి, వెచ్చటి కొసన ఒకటి, చల్లటి కొసన ఒకటి. గూడు ఒక్కటే ఉంటే వెచ్చదనమో, భద్రతో ఏదో ఒకటి వదులుకోవాలి. చాలాసార్లు అది చలిలోనే దాక్కుంటుంది, తిన్నది అరగదు. చోటు పెద్దదిగా ఉండాలనడానికి అసలు కారణం కూడా ఈ వేడే. ఒక కొసన 32 డిగ్రీలు, రెండో కొసన 25, 26 డిగ్రీలు ఉంటేనే పాము అటూ ఇటూ జరిగి ఒంటి వేడిని సర్దుకోగలదు. ఇరుకు పెట్టెలో రెండు కొసలూ ఒకేలా కాగుతాయి. థర్మోస్టాట్ లేని హీట్ మ్యాట్ కడుపు కాలుస్తుంది. తేమ 60 శాతానికి అటూ ఇటూ ఉండాలి. తగ్గితే కుబుసం ముక్కలుగా ఊడుతుంది, కళ్ల మీది పొర అంటుకుపోతుంది. మన నర్సరీల్లో అమ్మే, ఎరువు కలపని కొబ్బరి పొట్టు తేమను చక్కగా పట్టి ఉంచుతుంది.

సొరుగుల్లోనూ తింటున్నాయి, గుడ్లు పెడుతున్నాయి కదా అని అడగొచ్చు. అది బతికుందనడానికి రుజువు, బాగుందనడానికి కాదు. నెలల తరబడి తినకుండా ఉండగల పాము బాధ అంత త్వరగా బయటపడదు. అందుకే ముందు పెట్టె సిద్ధం చేయండి. వేడి, తేమ కొన్నాళ్లపాటు నిలకడగా ఉన్నాయని చూసుకున్నాకే పామును ఇంటికి తెచ్చుకోండి.