కాంతితీవ్రత, గంజాయి దిగుబడి, గుణము - ఒక విమర్శ

గంజాయిని గూర్చి తెలుగున వ్రాయువారు సాధారణముగా రెండు త్రోవలు త్రొక్కుచున్నారు: శాసనమును చెప్పి ఊరకుండుట యొకటి, భయము గొలిపి ఊరకుండుట రెండవది. ఆ మొక్క యెట్లు పెరుగును, దాని మత్తు ఎచ్చటినుండి వచ్చును అను ప్రశ్నల జోలికి పోవువారు అరుదు. ఈ ఖాళీలోనే అపోహ మొలచినది. థాయిలాండు 2022లో గంజాయిపై నిషేధమును సడలించిన పిమ్మట, అచ్చటినుండి వచ్చి చెన్నై, హైదరాబాదు విమానాశ్రయములలో పట్టుబడిన సరకును పత్రికలు "హైడ్రోపోనిక్ గంజాయి" యని పేర్కొనుచున్నవి. గదిలో పెద్ద దీపముల క్రింద పెరిగినది గనుక అది మిక్కిలి తీవ్రమైనదియు, మేలైనదియు నను మాట వ్యాప్తి చెందినది. ఈ మాటలో నిజమెంతయో విచారింపవలసియున్నది.

చిక్కు మొదట భాషయందే కలదు. కాంతికిని తీవ్రత యందుము, మత్తుకును తీవ్రత యందుము. ఒకే పదము రెండు చోట్ల వినబడుటచే దీపపు తీవ్రతయే పువ్వులోనికి దిగి మత్తు తీవ్రతగా మారినదని వినువాడు తలచును. "గుణము" అను మాట మరింత మోసకారి. శాస్త్రజ్ఞుడు టీ.హెచ్.సీ. మొదలగు ద్రవ్యముల శాతమును, వాసననిచ్చు టెర్పీనులను, పువ్వు బిగువును కలిపి గుణమనును. అది కొలత మాత్రమే. తెలుగు చెవికి గుణమనగా మంచితనము. అమ్మువాని కీ పొరపాటు లాభమేకాని నష్టము కాదు.

కొలమానమును గూర్చియు ఒక మాట. వెలుగును లక్సులలో చెప్పుట మనకు అలవాటు. లక్సు మానవనేత్రమునకు ఏర్పడిన కొలత. పచ్చని వెలుగు మన కంటికి మిక్కిలి ప్రకాశవంతము గనుక దానికి ఎక్కువ విలువ నిచ్చును. మొక్క లెక్క వేరు. కావున చదరపు మీటరుపై సెకనుకు ఎన్ని మైక్రోమోలుల కాంతికణములు పడుచున్నవో పరిశోధకులు లెక్కింతురు. నడినెత్తిన నిర్మలమైన ఎండ ఇంచుమించు రెండువేల మైక్రోమోలులు.

కెనడా దేశము 2018లో గంజాయిని చట్టబద్ధము చేసిన తరువాత, గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయమువారు గదిలో పెంచిన మొక్కలపై చేసిన పరిశోధన 2021లో వెలువడినది. కాంతిని 120 నుండి 1,800 మైక్రోమోలుల వరకు పెంచగా ఎండిన పువ్వుల దిగుబడి చదరపు మీటరుకు 116 గ్రాముల నుండి 519 గ్రాములకు పెరిగినది. వెలుగు పదునైదు రెట్లయినది, పంట నాలుగున్నర రెట్లే యయినది. విద్యుత్తు ఖర్చు నెరిగినవాడు ఈ నిష్పత్తిని తేలికగా దాటిపోడు. ఒంటి ఆకును పరీక్షించినప్పుడు దాని కిరణజన్యసంయోగక్రియ అంతకు చాల ముందే హద్దును చేరినది. మొక్క మొత్తము మాత్రము ఇంకను బరువెక్కుచునే యున్నది. ఒక ఆకును చూచి పంటను ఊహింపరాదని దీనివలన తేలినది.

అసలు విషయ మిది: టీ.హెచ్.సీ. మొదలగు ద్రవ్యముల శాతములో కాంతి వలన మార్పు కనబడలేదు. టెర్పీనులలో స్వల్పమైన భేదము మాత్రమే కలిగినది. వెలుగు బరువును పెంచినది, మత్తుబలమును పెంచలేదు. అయితే ఆ పరీక్ష ఒక్క రకముపైననే జరిగినది. అందును అది సీ.బీ.డీ. ప్రధానమైన రకము. సర్వజాతులకు దానిని శాసనముగా చేయుట తొందరపాటగును. మరియు తీవ్రత వేరు, కాంతిజాతి వేరు. అతినీలలోహిత కిరణములచే మత్తురకమున టీ.హెచ్.సీ. పెరిగినదని 1987లో లైడన్, టెరమురా, కాఫ్‌మన్ అనువారు ప్రకటించిరి. 2021లో గ్వెల్ఫ్‌వారు నేటి రకములపై చేసిన పరీక్షలో ఆ ఫలము కానరాలేదు.

ఈ భేదము తిరుత్తణి ప్రాంతపు చెరకు రైతునకు క్రొత్త కాదు. తిరువాలంగాడు సహకార చక్కెర కర్మాగారమునకు బండి తోలినవానికి టన్నుల లెక్క యొకటి, రికవరీ లెక్క మరియొకటి. కే.జీ.కండిగై చేలలో బలిసిన గడలన్నియు తీయని గడలని ఎవరును అనరు. చెరకున తెలిసిన దానిని గంజాయి దగ్గర మరచుట వింత.

మరి మత్తుబలము ఎచ్చటినుండి వచ్చును? ప్రధానముగా జాతివలనను, ఆడుపువ్వు గింజ కట్టకుండుటవలనను. ఇది కెనడావారు కనిపెట్టినది కాదు. 1893-94లో పనిచేసిన ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమీషను నివేదికయందు, వంగదేశమున మగమొక్కలను గుర్తించి పెరికివేయుటకై ప్రత్యేకముగా పిలువబడు నిపుణుల ప్రస్తావన కలదు. వారికి దీపము లేదు, మైక్రోమోలు లేదు.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లానుండి మదరాసు రాష్ట్రమునకు మారినప్పుడు గీచిన సరిహద్దు మీదుగానే నేడు ఆంధ్ర-ఒడిశా మన్యపు గంజాయి చెన్నైకి సాగుచు పట్టుబడుచున్నది. సంచి మోయుటకు కూలి కుదిరిన కుర్రవానికి "ఇది నాటుసరకు, దీపాలసరకు వంటిది కాదు" అని ధైర్యము చెప్పుట సులభము. 1985నాటి మాదకద్రవ్యముల చట్టమున ఈ భేదము లేదు. పూత లేక కాయ పట్టిన కొనలనే అది గంజాయి యనును. శిక్షను మత్తుబలమునుబట్టి గాక బరువునుబట్టి నిర్ణయించును. ఒక కిలో వరకు స్వల్పపరిమాణము. ఇరువది కిలోలు మించినచో వాణిజ్యపరిమాణము, అప్పుడు పదియేండ్లకు తక్కువ కాని కఠినశిక్ష. దీపము క్రింద పెరిగినదైనను, కొండమీది ఎండలో పెరిగినదైనను న్యాయస్థానమున త్రాసు ఒక్కటే.